ఉంటే ఇవ్వమా అండీ

"ఉన్నదాన్ని ఉన్నదని చెప్పడానికి భాష దేనికండీ? వేలుపెట్టి చూపిస్తే చాలు. ఉన్నదాన్ని లేనట్టూ, లేనిదాన్ని ఉన్నట్టూ చెప్పడానికే భగవంతుడు మనిషికి వ్యాకరణం ప్రసాదించాడు!"

బెజవాడ బట్టల వర్తకుల సభలో అంకమ్మరావు ఈ మాట అనగానే చప్పట్లు మోగాయి. వ్యాకరణం సంగతి ఆ వర్తకులకు తెలియదు. ఉన్నదాన్ని లేదనడంలో మాత్రం ఆ ఏడు, అంటే పంతొమ్మిది వందల నలభై అయిదులో, వాళ్లను మించిన పండితులు జిల్లాలో లేరు. యుద్ధం పుణ్యమా అని బట్టలకు కంట్రోలు వచ్చింది. అందరికీ ఒకే ధరకు అమ్మమని సర్కారువారు ఉత్తరువు ఇచ్చారు. అంత చవగ్గా అమ్మితే వంశ గౌరవానికి భంగమని తలచి, వర్తకులు సరుకంతా భవానీపురంలో ఒక కొట్టంలోకి చేర్చి, పైన గడ్డి కప్పి, కొట్లలో ఖాళీ బీరువాలకు మాత్రం రోజూ అగరొత్తులు వెలిగిస్తున్నారు.

అంకమ్మరావుది చీరల కొట్టు. కానీ ఊళ్లో అతనికి పేరు తెచ్చింది చీరలు కావు, డచ్చి భాష. అతని తాతకు తాత బందరులో డచ్చి దొరల దగ్గర దుబాషీ పని చేశాడట. ఆయన చదివిన డచ్చి వ్యాకరణం ఇంట్లో భోషాణంలో ఉండేది. పుస్తకం మొదలూ చివరా కూడా చెదలు తినేశాయి. నడుమ ఒక్క ప్రకరణం మిగిలింది. దాని పేరు సబ్జంక్టివ్ మూడ్.

"మూడంటున్నారు, తక్కిన రెండూ ఏమైనాయండీ?" అని అడిగాడు వర్తకుల సంఘం ప్రెసిడెంటు వీరభద్రయ్య, మొదటిసారి ఈ సంగతి విన్నప్పుడు.

అంకమ్మరావు జాలిగా నవ్వి విడమరిచి చెప్పాడు. వచ్చాడు, పోయాడు, ఉంది, లేదు, ఇవన్నీ రేవులో కూలీలు మాట్లాడుకునే డచ్చి. పెద్దమనుషుల డచ్చి వేరు. మన తెలుగులో వర్ధిల్లుగాక అంటామే, అదీ దాని తీరు. 'లేవె ద కోనింగిన్' అంటే రాణీగారు చిరకాలం జీవించుగాక అని అర్థం. జీవిస్తోందని కాదు, జీవిస్తుందనీ కాదు. రేపు ఏమైనా మన మీదికి రాదు. అంత జాగ్రత్త గల భాష మరొకటి లేదు.

'లేవె' అన్న మాట వర్తకులకు తెగ నచ్చింది. కొట్టుకు వచ్చినవాళ్లతో పొద్దస్తమానం తాము అంటున్నది అదే కదా! ఇంతకాలం తెలియకుండానే డచ్చి మాట్లాడుతున్నామని వీరభద్రయ్య మురిసిపోయాడు. ఆ ఆదివారం నుంచి సంఘంలో డచ్చి క్లాసు మొదలైంది. అర్థం కాలేదని ఎవరూ అనలేదు. అంటే కూలీ డచ్చి వాళ్లమని అనుకుంటారేమోనని భయం.

ఇంతలో నిజం డచ్చి దొరే వస్తున్నాడని కబురు వచ్చింది. పేరు డి వ్రీస్. మకాం కొలంబోలో. జపానువాళ్లు పోయాక జావా జనానికి కట్టుకోను లుంగీలు కావాలట, ఎన్నయినా కొంటాడట, అదీ కంట్రోలు ధరకు కాదు. సంఘానికి నిద్రపట్టలేదు. కాకపోతే ఒక చిక్కు. దొర వెంట సప్లై తాసిల్దారు తిరుపతిరావు కూడా వస్తున్నాడు. తాసిల్దారుకు ఇంగ్లీషు వచ్చు. సరుకు లేదంటే దొర పోతాడు, ఉందంటే తాము జైలుకు పోతారు.

"మీ డచ్చి ఇప్పుడు అక్కరకు రావాలి," అన్నాడు వీరభద్రయ్య. బేరం కుదిరితే జావా ఎగుమతికి అంకమ్మరావే ఏజెంటని అందరూ ఒప్పుకున్నారు. కుదరకపోతే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదుగానీ, అంకమ్మరావుకు తెలుసు. డచ్చి పండితుడన్న పేరు పోయి, చెదల పుస్తకం అంకమ్మరావు అన్న పేరు మిగులుతుంది.

ఆ రాత్రి పుస్తకం తిరగేస్తే ఒక వాక్యం దొరికింది. 'వారె' అన్న మాటతో మొదలవుతుంది. రొట్టె ఉంటే మీకు ఇచ్చేవాళ్లం అని దాని భావం. దాని కింద ఏదో సూత్రం రాసి ఉంది, చెదలు మిగిల్చిన మేరకు చదివినా తలకెక్కలేదు. అంకమ్మరావు ఆనందానికి మేర లేదు. బెజవాడలో 'ఉంటే ఇవ్వమా అండీ' అని వర్తకుడు చిన్నగా నవ్వుతూ అన్నాడంటే, దొడ్డిదారిన రమ్మని అర్థం. ఆ సంగతి చంటిపిల్లలకు కూడా తెలుసు. రొట్టె తీసేసి ఆ చోట నూలుబట్టకు డచ్చి మాట 'కటూన్' పెట్టాడు. భార్య చౌడేశ్వరి అంతా విని, తెలుగులో ఏళ్ల తరబడి ఆడుతున్న అబద్ధానికి డచ్చి ఎందుకని అడిగింది. ఆడవాళ్లకు సబ్జంక్టివ్ బోధపడదని అతను దీపం ఆర్పేశాడు.

దొర సంఘానికి వచ్చాడు. మెడలో దండ పడగానే వర్తకులంతా ఒక్కసారిగా "లేవె! లేవె!" అని అరిచారు. తాసిల్దారు తల ఊపి, లేవన్న సంగతి తనకు రోజూ చెబుతూనే ఉన్నారుగదా, దొరగారిని గుమ్మంలోనే బెదరగొట్టడం దేనికని మెల్లగా మందలించాడు.

దొర ముఖం మాత్రం వెలిగిపోయింది. గబగబా డచ్చిలో ఏమేమో అడిగాడు. అంకమ్మరావుకు ఒక్క ముక్క తెలియలేదు. అవన్నీ కూలీ డచ్చి అయివుంటాయి. గొంతు సవరించుకుని, నిమ్మళంగా, పెదవి చివర చిన్న నవ్వు ఉంచి అన్నాడు.

"వారె ఎర్ కటూన్, వెయ్ ఖావెన్ హెట్ ఉ."

దొర నవ్వు ఆగిపోయింది. అంకమ్మరావు చెయ్యి పట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆపైన తాసిల్దారు వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పాడు.

తమ దేశంలో ఈ రీతిగా మాట్లాడేవాళ్లు ఇప్పుడు లేరట. ప్రార్థనల్లోనూ రాణీగారి జయజయధ్వానాల్లోనూ తప్ప ఆ రీతే మిగల్లేదట. చిన్నప్పుడు బడిపంతులు బెత్తం పట్టుకుని నేర్పాడట. 'లేవె' అంటే ఇంకా ఆశ ఉన్నట్టు, జరగాలని కోరుకుంటున్నట్టు. 'వారె' అంటే ఆ ఆశ కూడా లేనట్టు. లేనే లేని దాన్ని గురించి మాత్రమే ఆ మాట అంటారట. "ఈ పెద్దమనిషి 'వారె' అన్నాడు. అంటే ఈ ఊళ్లో ఒక్క గుడ్డపీలిక కూడా లేదు. ఉండి ఉంటే నాకు ఇచ్చేవాడు. ఎంత మంచి మనసు!"

తెలుగు మాటకు కన్నుగీటడం వచ్చుగానీ డచ్చి 'వారె'కు రాదని అంకమ్మరావుకు అప్పుడు అర్థమైంది. ఉన్నాయని అరుద్దామనిపించింది. ఏ భాషలో అరవాలి? ఇంగ్లీషులోనా, తెలుగులోనా? రెండూ తాసిల్దారుకు వచ్చు. తిరుపతిరావు మీసం చాటున నవ్వుకుంటున్నాడు.

దొర ఆ సాయంత్రమే బందరు వెళ్లిపోయి, అక్కడ లుంగీలు కొనుక్కున్నాడు. అంతటితో పోయినా బాగుండేది. నెల తిరక్కుండా కొలంబో నుంచి మూటలు దిగాయి. జావా కాందిశీకుల కోసం పోగుచేసిన పాతబట్టల్లో కొంత, కట్టుకోను గుడ్డ లేని బెజవాడ వర్తక సోదరులకు ఆ దయామయుడు పంపించాడు.

తాసిల్దారు మార్కెట్టు ఆవరణలో బల్ల వేయించి పంపకం పెట్టాడు. సంఘం సభ్యులందరినీ పేరుపేరునా పిలిపించి ఒక వరసలో నిలబెట్టాడు. పక్క వరసలో చుట్టుపక్కల ఊళ్ల బీదజనం నిలబడ్డారు.

"ఇవి లేనివాళ్లకండీ," అన్నాడు తిరుపతిరావు ఎంతో మర్యాదగా. "ఇంట్లో బట్టలు ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పి పక్కకు తప్పుకోండి. ఎక్కడ ఉన్నాయో నేను రాసుకుంటాను."

ఒక్కరు కదల్లేదు. కడియాలూ ఉంగరాలూ పెట్టుకున్న చేతులన్నీ వరసగా ముందుకు చాచారు. వీరభద్రయ్యకు ముడ్డి దగ్గర అతుకు వేసిన నిక్కరు వచ్చింది. అంకమ్మరావుకు ఒక జేబు లేని చొక్కా వచ్చింది. అతను దాన్ని చంకన పెట్టుకుని గబగబా తప్పుకోబోయాడు.

పక్క వరసలోంచి ఒక ముసలమ్మ అడ్డం వచ్చింది. కంకిపాడు నుంచి నడిచి వచ్చిందట, పేరు బుల్లెమ్మ. ఒంటి మీద చీర ముడులతో నిలబడి ఉంది. ఆమె చేతిలో అప్పుడే దొరికిన ఉన్ని కోటు ఉంది.

"మీ కొట్టుకి ఎన్నిసార్లో వచ్చాను బాబూ. లేవమ్మా అంటే, దాచుకుని అంటున్నారనుకుని ఆడిపోసుకున్నాను. మీకే లేవని నాకేం తెలుసు? నోరు పాడుగాను. ఇది తీసుకెళ్లి అమ్మగారికివ్వండి. నేను ఎట్టాగో గడుపుకుంటాలే."

ఉన్నాయమ్మా అన్న మాట, వట్టి తెలుగులో, అంకమ్మరావు నాలుక చివరిదాకా వచ్చింది. అంత చిన్న మాట అతను ఆ ఏడంతా పలకలేదు. బల్ల వెనక తాసిల్దారు కలం మూత తీసి, ఇటే చూస్తున్నాడు.

అంకమ్మరావు రెండు చేతులూ చాచి ఆ కోటు పుచ్చుకున్నాడు.