బార్డర్ కాడ తెగింది

2002 మే నెల. సరిహద్దులో రెండు దేశాల సైన్యాలూ ఎదురెదురుగా నిలబడ్డాయనీ, ఇద్దరి దగ్గరా అణుబాంబులున్నాయనీ రేడియో పొద్దున్నే చెప్పింది. గద్వాల నేతగాడు గోవిందు అంతవరకు విని రేడియో కట్టేశాడు. ఆయనకు అంతకంటే పెద్ద పనుంది. ఆదివారం వనపర్తి కృష్ణయ్య కూతురు శ్రుతి పెళ్లి. ఈ శుక్రవారం మధ్యాహ్నానికి పెళ్లిచీర నేయడం ముగించి, రెండింటి బస్సుకు తీసుకుపోవాలి.

తొమ్మిదింటికి చీర అంచు దగ్గర పోగులు తెగాయి. అవి అతికేలోగా రెండో అంచూ తెగింది. గోవిందు ఎస్టీడీ బూత్‌కు పరుగెత్తి, కృష్ణయ్య పక్కింటి కిరాణా కొట్టుకు ఫోన్ చేశాడు. కొట్టు యజమాని మాసయ్య ఎత్తాడు.

"అన్నా, గద్వాల నుంచి. బార్డర్ కాడ తెగింది."

"ఏందీ, బార్డర్ కాడనా?"

"రెండు దిక్కులా తెగింది. పొద్దుగాల్నుంచి ఒకటే కొట్లాట. ఇంకో ఇద్దరిని దింపుతున్న. కిష్టయ్యన్నకు చెప్పు, జర పరేషాన్ కావద్దను."

చీర మాట ఎత్తనే లేదు. నేతగాళ్లకు బార్డర్ అంటే చీరకే ఉంటుంది.

మాసయ్య ముందు ఉప్పు బస్తాలు లోపల దాచి, తర్వాత కృష్ణయ్య ఇంటికి పోయాడు. సరిహద్దులో యుద్ధం మొదలైందని చెప్పాడు. కాబోయే అల్లుడు నిరంజన్ జవాను, సెలవు మీద వచ్చాడు. యుద్ధమంటే సెలవు రద్దే. బిడ్డ పెళ్లి పీటలదాకా వచ్చి ఆగిపోతుందని కృష్ణయ్యకు నిజంగానే ఏడుపొచ్చింది. పంతులు పంచాంగం అటూ ఇటూ తిప్పి ఆ సాయంత్రమే ఏడింటికి ఒక ముహూర్తం దొరకబుచ్చుకున్నాడు.

పన్నెండింటికి గోవిందుకు బూత్ నుంచి పిలుపొచ్చింది. అవతల కృష్ణయ్య.

"లగ్గం ఇయ్యాల ఏడింటికే. చీర పట్టుకొని ఉరికిరా."

"ఇయ్యాలనా? ఏమైందన్నా?"

"యుద్ధమొచ్చిందంట. మీ గద్వాల నుంచే ఎవరో ఫోన్ జేసిండ్రు. నీకు తెల్వదా?"

సొంత ఊరి కబురు తనకే తెలియనందుకు గోవిందుకు సిగ్గేసింది. దారిలో కనబడ్డవాళ్లకల్లా చెప్పుకుంటూ ఇల్లు చేరాడు. చేరేసరికి, సాయానికి పిలిచిన ఇద్దరూ అది విని కిరోసిన్ లైనులో నిలబడ్డారు. భార్య అలివేలును మగ్గం గుంటలోకి దింపాడు.

"బాంబులు పడ్డంక ఈ చీర ఎవరు జూస్తరు?" అందామె.

"పడేలోపల ఫోటో దిగుతరు. నువ్వు పోగు అందియ్యి."

ఆరున్నరకు చీర వనపర్తి చేరింది. ఏడింటికి నిరంజన్ తాళి కట్టాడు. అందరూ ఊపిరి పీల్చుకుంటుండగా మాసయ్య గోవిందు గొంతు గుర్తుపట్టాడు.

"పొద్దుగాల ఫోన్ జేసింది నువ్వే గదా?"

"నేనే. చీర బార్డర్ తెగిందని చెప్పిన."

ఆదివారానికి నాలుగు వందల మందిని పిలిచిన కృష్ణయ్య, మెల్లగా చెప్పు కోసం వంగాడు. అంతలో నిరంజన్ మేనమామ తమ ఊరి నుంచి టెలిగ్రాం పట్టుకొని రొప్పుతూ వచ్చాడు. సెలవు రద్దు, తెల్లారే బయలుదేరాలి.

శ్రుతి ఏడ్చింది. అయితే పెళ్లయిన పిల్లగా ఏడ్చింది. కృష్ణయ్య గోవిందును గట్టిగా కావలించుకుని, పక్కకు లాగి, గొంతు తగ్గించాడు.

"మరి బాంబు ఎప్పుడేస్తరంట?"

"నాకేం తెల్వదన్నా."

తెలిసినవాళ్లంతా అట్లాగే అంటారని కృష్ణయ్య చుట్టాలకు సర్దిచెప్పాడు.