తైలహస్తుని బ్రేకు సంగ్రామము

శ్రోతలారా, చెవులు రిక్కించి వినుడు. సూర్యుడు రేకుల షెడ్డు మీదికెక్కి, ఆరవేసిన దుప్పట్ల సందులనుండి తొంగిచూచుచున్న ఒకానొక ఆదివారమున, ఎనిమిదిన్నర గంటల శుభవేళ, ఒక ఇంటి ముందరి ఏటవాలు దారిపై ఘోరసంగ్రామము ప్రారంభమయ్యెను. ఒక వంక అరువదియేండ్ల ట్రాక్టరు: శిథిలవర్ణ, ఏకదీప, ధూమోద్గారిణి, పొలము మొగము చూచి పదునాలుగేండ్లైనను రాజసము వీడనిది. వేరొక వంక దాని ఏలిక, దానిని నడిపి నడిపి జుట్టు నెరసిన డ్రైవరు, ట్రాక్టరులో ఏ కీలు కిర్రుమన్నను తాళలేని దయార్ద్రహృదయుడు, వీధివారు నూనెడబ్బా అని పిలుచు తైలహస్తుడు.

యుద్ధకారణము చిత్తగింపుడు. ఆ ట్రాక్టరు హ్యాండు బ్రేకుకు పేరే గాని పట్టు లేదు. చక్రముల క్రింద బండరాళ్ళు పెట్టి రోజులు నెట్టుకొని వచ్చుచుండగా, ఆ రాళ్ళు జారి ఒకసారి దుప్పట్ల తీగ తెగెను, ఇంకొకసారి పొరుగువారి గేటు వంగెను, నిన్నటి సాయంకాలము ఇల్లాలి నీళ్ళ టబ్బు నుజ్జునుజ్జయ్యెను. ఆ ఉదయమే ఆమె పాత ఇనుము కొనువానికి ఫోను చేసి, భర్తతో ఇట్లనెను.

"పన్నెండింటికి లారీ వస్తుంది. ఆలోపు ఈ వాలులో రాళ్ళు లేకుండా నిలబడితే ఉంచుకోండి. లేదంటే ఎక్కించి పంపేస్తాను. ఈసారి మాటంటే మాటే."

పెండ్లినాడు ఆమెను మడ్గార్డు మీద కూర్చుండబెట్టుకొని ఇంటికి తెచ్చినది ఆ ట్రాక్టరే. దానిని ముక్కలుగా తూకము వేయుదురన్న ఊహకే తైలహస్తుని కండ్లలో నీళ్ళు తిరిగెను.

అంతట ఆ వీరుడు స్పానరును పండ్ల నడుమ కరచిపట్టి, ట్రాక్టరు క్రిందికి దూరి, "ఓరీ బ్రేకాధమా, నలుబదియేండ్ల చెలిమిని మరచి నలుగురిలో నా పరువు తీసితివి. నేడు నీవో నేనో తేలవలె" నని గర్జించెను. నోట స్పానరున్నందున వెలుపలికి వినవచ్చినది "ఊఁ" అను శబ్దము మాత్రమే.

మొదటి దండయాత్రలో బ్రేకు కడ్డీని బిగించెను. రాళ్ళు తీయగానే ట్రాక్టరు మూరెడు జారెను. రెండవ దండయాత్రలో బ్రేకు పిడిని ఆపు ఇనుప పండ్లను ఆకురాయితో పదునుపెట్టెను. పిడి టకటకమని ఐదు పండ్లెక్కి ఉక్కువలె నిలిచెను, ట్రాక్టరు మాత్రము తన దారిన తాను పోయెను. మూడవదానిలో స్ప్రింగు మార్చెను. అదియు బూడిదలో పోసిన పన్నీరే. ప్రతిసారియు రాయి పట్టుకొని చక్రము వెంట పరుగెత్తి, రొప్పుచు తిరిగివచ్చి, అలవాటు చొప్పున చక్రము లోపలి బ్రేకు డ్రమ్ము కన్నములో నాలుగు చుక్కల నూనె పోసి దానిని ఓదార్చెను.

మంచినీళ్ళు తెచ్చిన ఇల్లాలు అది చూచెను.

"ఏమండీ, అందులో నూనె ఎందుకు పోస్తున్నారు?"

"బ్రేకు వేస్తే కీచుమంటుందే, వినలేను. తొమ్మిదేళ్ళుగా ప్రతి ఆదివారం పోస్తున్నా. ఒక్క వారం తప్పలేదు."

"అది జారడం మొదలెట్టీ తొమ్మిదేళ్ళే కదా."

తైలహస్తుడు ఇంకొక చుక్క పోయబోయి ఆగెను.

"సబ్బునీళ్ళ మీద నా కాలే నిలవదు. నూనెలో దాని కాలెలా నిలుస్తుందండీ?"

వీరుని మొగము మాడిపోయెను. పొద్దుటినుండి తాను వెదకుచున్న శత్రువు తన చేతిలోని డబ్బాయేనని తెలిసి, దానిని ఎక్కడ దాచవలెనో తోచక వెనుకకు పెట్టుకొనెను. ఆమె మెల్లగా దానిని లాగుకొనెను.

అప్పటికి పది. ముందు చక్రములకు రాళ్ళడ్డుపెట్టి, వెనుక చక్రములను జాకీతో ఎత్తి, డ్రమ్ములు విప్పి చూడగా, లోపల డ్రమ్మును ఒత్తిపట్టి ఆపవలసిన బ్రేకు షూలు నూనెలో నానియుండెను. వాడినచో అరిగిపోవునని ఏండ్ల తరబడి ఇనుపపెట్టెలో గుడ్డచుట్టి దాచిన కొత్త షూలు అప్పుడు వెలుగు చూచెను. అతడు వానిని బిగించుచుండ, ఆమె అతని పాత చొక్కాతో, పెట్రోలుతో డ్రమ్ములను ముమ్మారు తుడిచెను.

సరిగా పన్నెండింటికి లారీ వచ్చెను.

"ఇదేనామ్మా సరుకు?" అనెను పాత ఇనుము వ్యాపారి.

"ఐదు నిమిషాలు ఆగు బాబూ."

వీరుడు పిడి లాగెను. కీచుమని లేచిన ఆ భీకరనాదమునకు గోడమీది పిల్లి దూకి పారిపోయెను. అతని చేయి అప్రయత్నముగా డబ్బాకై తడుముకొనెను. అది ఆమె చంకలో భద్రముగా ఉండెను. ఆమె లోనికి పోయి, ఉదయమే కొన్న నీలపు టబ్బును తెచ్చి, చక్రమునకు జానెడు దిగువన పెట్టెను.

"ఇప్పుడు తీయండి రాళ్ళు."

తీసెను. ట్రాక్టరు మూలిగి, అంగుళము ముందుకు వచ్చి, ఆగెను. వ్యాపారి వెనుకనుండి భుజము పెట్టి, మొగము ఎర్రబారు వరకు నెట్టి చూచెను.

"ఇది కదలట్లేదమ్మా. కదలనిదాన్ని లారీ ఎక్కించడం నా వల్ల కాదు," అని చెమట తుడుచుకొని వెడలిపోయెను.

ఆమె మడ్గార్డు మీది దుమ్ము కొంగుతో తుడిచి, ఒక్క క్షణము దానిపై చేయి ఉంచి, పిదప డబ్బాను భర్త చేతిలో పెట్టెను.

"వంటింటి తలుపు పదకొండేళ్ళుగా కిర్రుమంటోంది. అది మీకెప్పుడైనా వినపడిందా?"

తైలహస్తుడు తలవంచుకొని లోనికి నడచెను. కావున జనులారా, దిక్కులు పిక్కటిల్ల చాటుచున్నాను: ఆ ఆదివారము మధ్యాహ్నము పన్నెండుంబావుకు, ఒక ట్రాక్టరు ఉన్నచోటనే ఉండెను. ఒక తలుపు చప్పుడు లేకుండ తెరచుకొనెను.