గజ్జ ఏ శాఖ కిందికి వస్తుంది?

మనిషి శరీరాన్ని దేవుడు ఒకే ముక్కగా చేశాడు. దాన్ని శాఖలవారీగా పంచిపెట్టే పుణ్యం పెద్దాసుపత్రి కట్టుకుంది. పంపకాల్లో పొట్ట ఒకరికి, కాళ్ళు మరొకరికి దక్కాయి. మధ్యలో తొడ మడత మాత్రం ఉమ్మడి ఆస్తి, అంటే ఎవరిదీ కాదు.

సరిగ్గా ఆ ఉమ్మడి ఆస్తిలోనే బ్రేకమ్మకు గడ్డ లేచింది. బ్రేకమ్మ కారు నేర్పే ఆవిడ. పక్క సీటులో కూర్చుని, తనవైపు బ్రేకు మీద కుడికాలు ఉంచడమే ఉద్యోగం. (ఊళ్ళో కరెంటు స్తంభాలు ఇంకా నిలబడి ఉన్నాయంటే ఆ కాలి చలవే.) నెలకోసారి కుడి గజ్జలో నిమ్మకాయంత వాపు, ప్రాణం పోయేంత నొప్పి. మొన్న ఒక శిష్యుడు గోడ మీదికి పోతుంటే ఆవిడ కాలు మాట వినలేదు. గోడ కూడా తప్పుకోలేదు. "కాలైనా బాగుచేయించుకో, పనైనా మానుకో" అన్నాడు యజమాని. ఆవిడకు నిజంగా భయం వేసింది.

"ఏంటమ్మా బాధ?" అని పెద్దాసుపత్రి కౌంటరు గుమస్తా అరిచాడు. వెనక వరస నిండా మగవాళ్ళు. ఆవిడ గొంతు తగ్గించి "గజ్జల్లోనండీ" అంది. ఆయన "గజ్జెలు" అని రాసుకుని ఎముకల శాఖకు పంపాడు. ఎముకల డాక్టరు చీలమండలు రెండూ తిప్పి చూసి, "కొన్నాళ్ళు డాన్సు మానెయ్యమ్మా" అన్నాడు.

సర్జరీ శాఖలో నియమం ఇంకా స్పష్టం: రోగితోపాటు గడ్డ కూడా స్వయంగా హాజరు కావాలి. నొప్పి రోజున టోకెన్ అడిగితే ఫోన్లోని ఆసుపత్రి యాప్ పదిహేను రోజుల తర్వాత రమ్మనేది. అప్పటికి గడ్డ తగ్గిపోయేది.

"ఏదీ, లేదుగా!" అన్నాడు సర్జను.

"ముట్టు రోజుల్లోనే వస్తుందండీ."

"అవన్నీ ఆడవాళ్ళ శాఖలో చెప్పుకోవాలి. ఇది హెర్నియా."

ఆడవాళ్ళ శాఖలో నర్సు "గర్భసంచి దాకానే మాది, గజ్జ మాది కాదు" అంది. బ్రేకమ్మ రెంటికీ చెడ్డ రేవడి అయింది.

వెంట వచ్చిన అత్తగారికి ఒళ్ళు మండింది. "మా కోడలికి ముట్టొచ్చినప్పుడల్లా గజ్జ వాస్తోందయ్యా! ఏ శాఖో మీరే కొట్టుకుని తేల్చండి!" అని వరండా అదిరేలా కేకేసింది. మగవాళ్ళందరూ ఒక్కసారిగా సీలింగు ఫ్యాన్లను పరిశీలించారు. ఆడవాళ్ళ శాఖ పెద్ద డాక్టరమ్మ బయటికొచ్చి, "ప్రతి నెలా ఆ రోజుల్లోనేనా?" అని అడిగింది. (ఆ ఆసుపత్రిలో ఆ ప్రశ్నకు అదే ప్రారంభోత్సవం.)

గర్భసంచి లోపలి పొరలాంటిదే గజ్జలో పెరిగి, నెలనెలా అక్కడా వాస్తుందనీ, దాన్ని ఎండోమెట్రియోసిస్ అంటారనీ ఆవిడ చెప్పింది. నొప్పి రోజుల్లోనే స్కానింగు, ఎమ్మారై తీయించింది. సర్జనూ తనూ కలిసి గడ్డ కోసి తీశారు. ముక్క పరీక్షలో అదేనని తేలింది. మళ్ళీ తిరగబెట్టకుండా హార్మోను మాత్రలు రాసింది. రెండు శాఖలు ఒకే బల్ల దగ్గర నిలబడటం చూసి థియేటరు సిబ్బందికి కళ్ళు చెమర్చాయట.

కుట్లు విప్పిన రోజు బ్రేకమ్మ కుడికాలిని నేలకేసి గట్టిగా నొక్కి చూసుకుంది. నొప్పి లేదు. సంతోషంతో ఏడుపొచ్చింది.

"చాలా అరుదైన జబ్బమ్మా. నా సర్వీసులో నువ్వే మొదటిదానివి" అన్నాడు సర్జను గర్వంగా.

ఆవిడ తలుపు తీసింది. బయట బెంచీ మీద ఇద్దరు ఆడవాళ్ళు కుడి గజ్జ పట్టుకుని కూర్చుని ఉన్నారు.

"వీళ్ళని కూడా నెలసరి సంగతి ఒక్కమాట అడగండి డాక్టరుగారూ."

"అక్కర్లేదమ్మా, వాళ్ళవి హెర్నియాలే" అన్నాడు సర్జను, తలెత్తకుండానే.