మాష్టారి సీసాలో దేశం అప్పు

మాష్టారితో వచ్చిన చిక్కల్లా సున్నాలతోనే. ఏమీ లేని వాటికి అంత మర్యాద ఎందుకన్నట్టు వాటిని రాలగొట్టేస్తారు. కాలేజీలో ఆర్థికశాస్త్రం చెప్పే మనిషికి అదేం జబ్బో ఆయన భార్యకు ఇరవై ఏళ్ళుగా అంతుబట్టలేదు.

ఆ రోజు సాయంత్రం గ్రంథాలయంలో దేశం అప్పు మీద ఆయన ఉపన్యాసం. కిందటేడు ముందు వరుసవాళ్ళు గురక పెట్టారు. ఈసారి కూడా అంతే అయితే, వచ్చే ఏడు ఆ గంట కుట్టుపని క్లాసుకి ఇచ్చేస్తానని గ్రంథపాలకుడు మొహమాటం లేకుండా చెప్పేశాడు. అందుకే మాష్టారు పొద్దున్నే బియ్యం డబ్బా ముందు చతికిలబడ్డారు.

"ఒక గింజ అంటే ఒక కోటి. అప్పు నూట ఇరవై లక్షల కోట్లు. గ్రాముకి యాభై గింజలు, స్వయంగా లెక్కపెట్టాను. వెరసి రెండు కిలోల నాలుగు వందల గ్రాములు!"

"రెండు సున్నాలు ఎక్కడో జారాయేమో చూడండి."

"నువ్వు వంటకి కొలుచుకో. దేశానికి నేను కొలుస్తాను."

డబ్బాలో ఉన్నదంతా సీసాలోకి వంపుకుని ఆయన కాలేజీకి వెళ్ళిపోయారు. ఆవిడ బియ్యం కొట్టుకి ఫోన్ చేసింది. "రెండు వందల నలభై కిలోలు కావాలి, పాతిక కిలోల బస్తాలు పది, తక్కువ పడకుండా ఇంకొకటి, మొత్తం పదకొండు పంపండి. సాయంత్రం మా ఆయన్ని పిలిచి చూపించాలి. కుట్టు విప్పకుండా తిరిగిచ్చేస్తాను."

బస్తాలు మెట్లెక్కుతుంటే ఎదురింటావిడ చూడనే చూసింది.

"ఉన్నది ఇద్దరు, ఇన్ని బస్తాలేంటి వదినా?"

"మావారి లెక్కలకి."

ఉన్నమాటే చెప్పింది. కానీ ఆర్థికశాస్త్రం మాష్టారు లెక్కలు వేసి మరీ బియ్యం దింపుకుంటున్నాడంటే ఊరికే దింపుకుంటాడా? పన్నెండయ్యేసరికి కొట్టు ముందు వరుస వీధి మలుపు తిరిగింది. రెండింటికి కొట్టతను రొప్పుకుంటూ వచ్చాడు.

"అక్కా, ఆ బస్తాలు ఇచ్చెయ్యండి. కొట్టు ఖాళీ. జనం నన్నే బస్తాలో కట్టేలా ఉన్నారు!"

పదకొండూ వెనక్కి వెళ్ళాయి, పదకొండు ఇళ్ళవాళ్ళు ఎగరేసుకుపోయారు. ఆవిడ చేతులూపుకుంటూ గ్రంథాలయానికి వెళ్ళింది.

హాల్లో కాలు పెట్టే చోటు లేదు. బియ్యం ఎప్పట్నుంచి దొరకవో మాష్టారి నోటే వినాలని వీధి వీధంతా దిగింది. ఆ పదకొండు ఇళ్ళవాళ్ళయితే కొట్టు నుంచి నేరుగా, బస్తాలు భుజాన వేసుకునే వచ్చారు. మాష్టారు పొంగిపోయి సీసా పైకెత్తారు.

"చూడండి! ఒక్కో గింజ ఒక్కో కోటి. రెండు కిలోల నాలుగు వందల గ్రాముల్లో మన దేశం మొత్తం అప్పు, నూట ఇరవై లక్షల కోట్లు!"

"కిలోకి ఎన్ని గింజలు మాష్టారూ?" వెనక నుంచి కొట్టతను అడిగాడు.

"యాభై వేలు."

"అంటే సీసాలో లక్షా ఇరవై వేలు. నూట ఇరవై లక్షలు ఉండాలి కదా, మిగతా అప్పు ఎవరు తీర్చారు?"

మాష్టారు బోర్డు వైపు తిరిగారు. సుద్దముక్క రెండుసార్లు ఆగింది. రెండుచోట్లా ఒక్కో సున్నా పుట్టింది. గ్రంథపాలకుడు కుట్టుపని టీచరు వంక చూశాడు.

అప్పుడు మాష్టారి భార్య లేచింది. "ఆ బస్తాలు కాసేపు వేదిక మీద పెట్టండి. మీవి మీకే ఇచ్చేస్తాం."

పది బస్తాలు ఒకదాని మీదొకటి ఎక్కేసరికి మాష్టారు వాటి వెనక కనబడకుండా పోయారు.

"అప్పంటే ఇంతా!" ఎదురింటావిడ నోరు తెరిచింది. "మరి ఆ పదకొండోది?"

"ఈ ఒక్క ఏడాది లోటు," బస్తాల వెనక నుంచి గొంతు వచ్చింది. "రాబడి కంటే ఖర్చు ఎక్కువైన మేరకు. ఇలాగే ఏటా ఒకటి వచ్చి ఆ కుప్పెక్కుతుంది."

ఎవరూ గురక పెట్టలేదు. వచ్చే ఏడు కూడా మీరే రావాలన్నాడు గ్రంథపాలకుడు. మాష్టారు పక్కకి వచ్చి, అందరి ముందూ గొంతు సవరించుకున్నారు.

"తప్పు నాదే. పొద్దున్న మా ఆవిడ చెప్పింది. నేను వినలేదు."

తను చేసిన ఫోన్ సంగతి ఆవిడ మాత్రం ఎత్తలేదు.

కొట్టులో గింజ లేదు గనక, ఆ పూట సీసాలోంచే పదివేల కోట్లు కుక్కర్లో పడ్డాయి, ఇద్దరికీ సరిపోయాయి.