విలీనం ఆగిపోయిందహో!

నమ్మదగిన రాజకీయ వార్తలు చెప్పేవాళ్లు దొరకడం లేదని ఎవరైనా వాపోతే నాకు నవ్వొస్తుంది. దొరకకపోవడమేమిటండీ! మా ఇంట్లో ఉండేది ముగ్గురం. నమ్మదగిన వార్తలు మాత్రం అయిదు రకాలు. కూర ఒక్కటే వండుకున్నా సర్దుకుంటున్నాం గానీ, నిజానికి మాత్రం మాకు లోటు లేదు.

వెనకటి రోజుల్లో ఎంత కష్టం! పేపరంతా చదివితే తప్ప ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలిసేది కాదు. ఇప్పుడా శ్రమ తప్పింది. వీడియో తెరవగానే ముందు కోపం వస్తుంది, విషయం తరవాత వస్తుంది. ఒక్కోసారి విషయం రాదు. అయితేనేం? కోపం వచ్చిందిగా!

ఈ వీడియోల వాళ్లలో నమ్మదగినవాళ్లను పోల్చుకోవడం ఎలాగంటారా? చాలా తేలిక. 'నేను ఏ పార్టీ మనిషినీ కాను' అని మొదటే చెప్పేవాడు నమ్మదగినవాడు. ఏ పార్టీ మనిషి కాడో మా అంకమ్మరావు బాబాయి ఇట్టే చెప్పేస్తాడు.

బాబాయి మిరప కళ్లంలో తాలు కాయలు ఏరడం నేను చిన్నప్పుడే నేర్చుకున్నాను. ఎర్రటి రాశిలో తాలు కాయ తెల్లగా పాలిపోయి తనంతట తనే బయటపడుతుంది. వార్తల్లో ఆ ఏరుడు కూడా లేదు. తంబ్‌నెయిళ్లన్నీ ఎర్రెర్రగా నిగనిగలాడుతుంటాయి. అన్నీ మొదటి రకమే!

మొన్న మార్చిలో ఆ కళ్లంలోనే కూర్చుని ఉన్నాం. నా పక్కన మాకు కూలికొచ్చే రెబ్కక్క. ఆమె కూతురు స్తుతి అప్పుడు మా ఊరి బడిలో రెండో తరగతి. మూడు నుంచి పై తరగతులను పక్కూరి బడిలో విలీనం చేస్తారని ఊరంతా చెప్పుకుంటున్నారు. అక్కడికి వెళ్లాలంటే గుంటూరు యార్డుకు మిర్చి లారీలు పరుగెత్తే రోడ్డు దాటాలి.

"శనివారం అధికారులు వస్తారు. తల్లిదండ్రులంతా వచ్చి మాకిష్టం లేదని చెప్పండి" అని టీచరు జయకుమారి గారు గడప గడపా తిరిగి చెప్పారు. పాపం, ఆవిడకు ఒక్క సబ్‌స్క్రైబరు కూడా లేరు.

శుక్రవారం బాబాయి ఫోను మోగిపోయింది. బిగ్ బ్రేకింగ్! విలీనం ఆగిపోయింది!

"రెబ్కా! ఇంక నిబ్బరంగా ఉండమ్మా. విలీనం ఆగిపోయిందంట!"

"నిజమా బాబాయ్ గారూ? ఎవరు చెప్పారు?"

"యూట్యూబులో ఎర్రద్దాల కుర్రాడు. గుంటూరు బ్రాడీపేటలో గది తీసుకుని మరీ చెబుతున్నాడు."

"మన బడి పేరు చెప్పాడా?"

"రాష్ట్రమంతా ఆగితే మనూళ్లో ఆగదా ఏంటి! వాడు అబద్ధం చెప్పడు. మనోడు."

"స్తోత్రం ప్రభువా!" అంది రెబ్కక్క. "అయితే రేపు పనికొచ్చేస్తాను. బడి కాడికి పోయే పని లేదుగా!"

వార్త ఊరు చుట్టేసింది. శనివారం అందరూ పనుల్లోకి వెళ్లారు. బడి దగ్గర అధికారులు, టీచరు, ఖాళీ కుర్చీలు. అధికారులు అభ్యంతరాలేమీ లేవని రాసుకుని, టీ తాగి వెళ్లిపోయారు. ఆదివారం రెబ్కక్క చర్చిలో లేచి నిలబడి, తన ప్రార్థన ఫలించిందని సాక్ష్యం కూడా చెప్పింది.

ఆ వీడియోను చివరిదాకా చూసింది నేనొక్కదాన్నే. అదీ సోమవారం. ఆగిపోయింది రెండు పార్టీల విలీనం!

ఆ కుర్రాణ్ణి తప్పు పట్టకండి. అన్నది అక్షరాలా నిజం. విలీనం ఆగింది. ఏ విలీనమో పైనే చెప్పేస్తే వీడియో ఎవరు చూస్తారు? పైగా విలీనమంటే పార్టీలది గాక ఇంకోటి ఉంటుందని పాపం ఆయన మాత్రం కలగన్నాడా?

జూన్ నుంచి స్తుతి పక్కూరికి వెళ్తోంది. రెబ్కక్క పొద్దున చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి, ఆలస్యంగా పత్తి చేలోకి వస్తోంది. బాబాయి మాత్రం ఆమె ఉన్నంతసేపూ ఫోను జేబులోంచి తియ్యడం లేదు. సాయంత్రం బడి వదిలే వేళకు పని తెమలదు. అప్పుడా పిల్ల ఒక్కతే దాటాలి.

నేను పదిమందిలో నోరు తెరిచే మనిషిని కాను. అయినా ధైర్యం చేసి ఆ వీడియో కింద ఒక కామెంటు రాశాను: 'అన్నా, మా ఊరి బడి విలీనం మీద ఒక్క వీడియో చేస్తారా? చిన్నపిల్లలు లారీల రోడ్డు దాటి వెళ్తున్నారు.'

నమ్మదగిన మనిషి కదా, వెంటనే జవాబిచ్చాడు. ముందు ఒక ఎర్రటి గుండె బొమ్మ, తరవాత ఇది:

'తప్పకుండా మేడమ్! ఇంతకీ మీ బడి ఏ పార్టీ?'

నాకు తెలియలేదు. స్తుతిని అడిగి రాద్దామనుకుంటున్నాను. ముందు ఆ పిల్లను రోడ్డు దాటి ఇంటికి రానీయండి.