హజరత్తయ్య ఫైరింజను

ఆ రోజుకు పెంచలకృష్ణ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున్నే నెల్లూరు స్టేషనుకు పోవాలి. చెన్నై నుంచి వచ్చే మ్యూజియం మేడం ప్రేమలీల గారిని ఆటోలో మైపాడుకు తీసుకురావాలి. ఇంటి పక్క రేకుల షెడ్డులో ఉన్న ఫైరింజనును చూపించాలి. ఇంత చిన్న ప్లాను చెడగొట్టడానికి వీధి వీధంతా చెయ్యి వెయ్యాల్సి వచ్చింది.

ఆ బండి ఒకప్పుడు ఉప్పు కంపెనీది. పెంచలకృష్ణ నాయన హజరత్తయ్య ముప్పై ఏళ్లు దాన్ని తోలాడు. కంపెనీ మూతపడితే వదల్లేక వేలంలో పాడుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. ఆయన పోయాక కొడుకు దాని మీద దుమ్ము కూడా దులపలేదు. వెలిసిన ఎరుపు, తుప్పు, ఇత్తడి గంట అన్నీ అట్లాగే ఉన్నాయి. ప్రేమలీల గారి షరతు ఒక్కటే: బండి ఉన్నది ఉన్నట్టు ఉండాలి. ఉంటే మ్యూజియంలో పెట్టి, పక్కన బోర్డు మీద హజరత్తయ్య పేరు రాయిస్తారు. ఆ బోర్డును తలుచుకుని పెంచలకృష్ణకు వారంగా అన్నం సహించడం లేదు.

"బండికి ఎవురూ చెయ్యి పెట్టకుండా చూడు మే," అని భార్య రేవతికి చెప్పి బయల్దేరాడు. ఎందుకో చెప్పలేదు.

అవి సముద్రంలో చేపల వేట నిషేధం రోజులు. పడవలన్నీ ఒడ్డున బోర్లా పడుకుని ఉన్నాయి. ఆ రెండు నెలలూ అక్కడి మగవాళ్లకు పడవలకు రంగులేయడమే పని. రంగు లేనిది ఏది కనబడినా చేతులు దురద పెడతాయి. పక్కింటి మస్తానమ్మ కొడుకు కామాక్షయ్య కూడా, తమ పెరట్లో మూలన పడున్న పాత పడవకు పూద్దామని అప్పుడే నీలం డబ్బాలు తెచ్చాడు.

"ఎవురో వస్తా ఉండారంటనే?" అని రేవతిని అడిగింది మస్తానమ్మ.

"చెన్నై మేడం అత్తా. మా ఫైరింజను చూసేదానికి."

"చూసేదానికొస్తే మొహం కూడా కడగలేదేందే? పెళ్లిచూపులకు పిల్లను ఇట్నే కూర్చోబెడతారా?"

"చెయ్యి పెట్టొద్దన్నాడత్తా."

"నువ్వు కష్టపడతావని అన్నాడులే. నువ్వు పెట్టబాక. మేం పెడతాం."

ఒక బకెట్ నీళ్లతో మొదలైంది. ఒక తలుపు కడిగేసరికి మిగతా బండి మురికిగా కనిపించింది. అంతా కడిగితే తుప్పు బయటపడింది. తుప్పు కనబడకుండా కామాక్షయ్య కాస్త నీలం పూశాడు. ఎర్రబండి మీద నీలం మచ్చ అసహ్యంగా ఉందని, అప్పటికి చేరిన వీధివాళ్లందరూ ఒప్పుకున్నారు. ఎరుపు ఎక్కడా లేదు. అందుకని బండినే నీలం చేసేశారు. పడవకున్నట్టు పసుపు పట్టీ లేక బోసిగా ఉందంటే అదీ వేశారు. తర్వాత లైట్లకు బొట్లు, చక్రాల కింద నిమ్మకాయలు, గంటకు పూలదండ.

రైలు లేటుగా వచ్చి, మధ్యాహ్నం దాటాక దారిలోంచి పెంచలకృష్ణ ఫోను చేశాడు. "బండి ఎట్లుండాది?"

"దిగులు పెట్టుకోబాక మామా. నేను వేలు కూడా పెట్టలేదు," అంది రేవతి. అబద్ధం ఒక్క ముక్క లేదు.

ఆటో దిగిన పెంచలకృష్ణకు పై ప్రాణాలు పైనే పోయాయి. షెడ్డులో సముద్రానికి సిద్ధమైన పడవ ఉంది, దానికి చక్రాలున్నాయి. ఎదురుగా మస్తానమ్మ హారతి పళ్లెంతో నవ్వుతూ నిలబడింది. నోరు తెరిచి తిట్టబోయాడు. అప్పుడు బండి పక్కన మూరెడేసి తెల్లటి అక్షరాలు కనిపించాయి: హజరత్తయ్య.

"పడవకు పెద్దోళ్ల పేరు రాస్తాం గదన్నా," అన్నాడు కామాక్షయ్య. "దీనికెందుకు రాయకూడదని రాసినాం."

పెంచలకృష్ణ కళ్లు నిండాయి. ఏడుపు ఎందుకొచ్చిందో, బోర్డు పోయినందుకో నాయన దొరికినందుకో, అతనికే తెలియలేదు.

ప్రేమలీల గారు బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి నిట్టూర్చారు. "ఇది మాకు పనికిరాదండీ." అంటూనే పక్క పెరట్లోకి చూసి ఆగిపోయారు. "అది... తాడుతో కుట్టిన పడవా? మేకుల్లేకుండా?"

"మా మామ కుట్టింది," అంది మస్తానమ్మ. "ముప్పై ఏళ్లుగా మూలనే ఉండాది."

"రంగు వెయ్యలేదా?"

కామాక్షయ్య తల గోక్కున్నాడు. "దాని రంగే మేడం, ఈ బండికి అయిపోయింది."

ప్రేమలీల గారు గబగబా ఫోటోలు తీసుకున్నారు. ఈ పడవను మ్యూజియంలో పెడతామని, మస్తానమ్మ మామ పేరుతో బోర్డు రాయిస్తామని, లారీ వచ్చేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదని మరీ మరీ చెప్పి వెళ్లారు.

ఆ కాపలా పని, అనుభవం ఉన్న మనిషని, అందరూ కలిసి రేవతికే అప్పగించారు.