మూడువందల ఇరవై ఐదు డిగ్రీల పాలు

డెన్మార్క్‌లోని ఆ చిన్న చీజ్ ఫ్యాక్టరీలో శుక్రవారం పొద్దున పని మామూలుగానే మొదలైంది. నాలుగు వేల లీటర్ల పాలు ముప్ఫై రెండున్నర డిగ్రీలకు వేడెక్కగానే ఆస్టా తోడు వేయాలి. ముప్ఫై ఎనిమిదిన్నరేళ్లుగా ఆమె మోచేయి ముంచి చూసి వేస్తోంది. ఈ రోజు మాత్రం తొట్టిలోని కొత్త థర్మామీటరు నెట్‌వర్క్ తీగ గుండా అంకె పంపుతుంది, ఇంగ్లండ్ నుంచి తెప్పించిన సాఫ్ట్‌వేర్ దాన్ని చదువుతుంది. సరిగ్గా చదివిందంటే సోమవారం నుంచి ఆస్టా ప్యాకింగ్ గదిలో స్టిక్కర్లు అంటించుకోవాలి. మేనేజరు ఎస్కిల్ ఈ మాటను ప్రతి శుక్రవారం అందరికీ పంచే రొట్టెలతో పాటు నవ్వుతూ వడ్డించాడు.

కంప్యూటర్ తెర మీద 325 అని పడింది.

"పాలు మూడువందల ఇరవై ఐదు డిగ్రీలా?" ఎస్కిల్ చేతిలో రొట్టె జారింది.

ఆస్టా మోచేయి ముంచి తీసింది. "ఇదిగో నాయనా, ఉడికిందేమో చూడు."

"నీ చెయ్యి సంగతి కాదక్కా, కంప్యూటర్ చెప్తోంది."

కంప్యూటర్ చెప్పి ఊరుకోలేదు. తొట్టి చుట్టూ చన్నీళ్లు వదిలింది, సైరన్ మోగించింది, ఫైరింజన్‌కు కబురు పెట్టింది. పది నిమిషాల్లో ఫైరాఫీసరు హోల్గర్ హెల్మెట్‌తో దిగి, పాలల్లో మంట కోసం వెతికాడు.

"పొగైనా లేదేంటి?"

"ఉంటే దాని మీద నీకు కాఫీ పెట్టేదాన్ని" అంది ఆస్టా.

ఎస్కిల్ తీగ పీకి మళ్లీ పెట్టాడు. 319. థర్మామీటరు ఆపి మళ్లీ వేశాడు. 314.

"ఇంక లాభం లేదు, పారబోసేద్దాం" అంటూ తొట్టి అడుగునున్న కుళాయి మీద చెయ్యి వేశాడు. అవి ఎనిమిది మంది రైతుల పాలు. ఆస్టా కుళాయికి అడ్డంగా నిలబడింది.

అంతలో తెర మీద 31 అని పడింది. ఎస్కిల్ ఊపిరి పీల్చుకున్నాడు. ఆ ఊపిరి వదిలేలోగా 309 అయింది.

ఆస్టా వంగి థర్మామీటరు మీది అంకె చూసింది. 30,9.

"పూర్తి అంకెను బుద్ధిగానే చదువుతోంది. పక్కన దశాంశం ముక్క చేరితేనే పిచ్చెక్కుతోంది. ఎస్కిల్, ముప్ఫైకీ ఆ ముక్కకీ మధ్య మనం ఏం పెడతాం?"

"కామా."

"ఇంగ్లండ్ వాళ్లు?"

"చుక్క" అన్నాడు హోల్గర్.

"అదీ సంగతి. మన కామాను మింగేసి అంకెలు అతికిస్తోంది."

ఎస్కిల్ థర్మామీటరు సెట్టింగుల్లో కామా తీసి చుక్క పెట్టాడు. తెర మీద 30.9 వచ్చింది, సైరన్ ఆగింది. ఆస్టా పాలు మళ్లీ వేడెక్కించి, తెర వైపు వీపు పెట్టి, మోచేయి ముంచింది. "ఇప్పుడు" అంది. తెర మీద 32.5. ఫైరింజన్ వాళ్లందరూ చప్పట్లు కొట్టారు. ఆమె దర్జాగా తోడు వేసింది.

"సోమవారం నుంచి ఈ కంప్యూటర్‌ని కూడా నువ్వే చూసుకో అక్కా" అన్నాడు ఎస్కిల్.

"స్టిక్కర్లో?"

"నేనంటిస్తాను."

ఎస్కిల్ పొంగిపోయి ఇంగ్లండ్ కంపెనీకి జరిగిందంతా రాశాడు, ఆస్టా సర్వీసు 38,5 ఏళ్లని కూడా రాశాడు. వారం తిరక్కుండా ఆమెకు ప్రశంసాపత్రం వచ్చింది, మూడువందల ఎనభై ఐదేళ్ల సేవకు గాను.